బొంగురు గొంతుకు మూడు వారాలే గడువు

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం. సంచిక కోసం అక్కడక్కడా సరిచేసి ఇచ్చాను.)



సంఘం కార్యదర్శి నాకు ఫోన్ చేసి, "అన్నా, నువ్వు కరెంటు ఇంజనీరువు కదా, సోలార్ గురించి ఒక ఇరవై నిమిషాలు మాట్లాడు" అన్నాడు. సరే అన్నాను. తర్వాత ఇంట్లో కూర్చుని ఆలోచిస్తే, ఈ హాల్లోకి వచ్చేవాళ్ళలో సగం మంది టీచర్లు, లేకపోతే రిటైరైన టీచర్లు. మిగిలిన సగంలో చాలామంది యాభై దాటినవాళ్ళు. సోలార్ గురించి చెప్పడానికి మీ ఇంటికి రోజూ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. గొంతు గురించి చెప్పేవాళ్ళు రారు. అందుకని కార్యదర్శికి చెప్పకుండానే విషయం మార్చేశాను. ఆయన నన్ను క్షమించాలి.

నేను డాక్టర్ను కాదు. ఏ మందు వేసుకోవాలో చెప్పను. డాక్టరు దగ్గరికి ఎప్పుడు పోవాలో మాత్రం చెబుతాను. అది నేను రెండు గొంతుల దగ్గర నేర్చుకున్నాను. ఒకటి మా లెక్కల సారుది. రెండోది నాది.

1984లో నేను పదో తరగతిలోకి వచ్చాను. సారు ఎవరో ఇక్కడ చాలామందికి ఇట్టే తెలిసిపోతుంది. ఈ మాట చెప్పవచ్చా అని వాళ్ళ ఇంట్లోవాళ్ళను ముందే అడిగాను. చెప్పు, నలుగురికీ మంచిదే, పేరు మాత్రం వద్దు అన్నారు. కాబట్టి లెక్కల సారు అనే అంటాను. ఆయన గొంతు ఎట్లాంటిదంటే, తొమ్మిదో తరగతికి పైథాగరస్ సిద్ధాంతం చెబుతుంటే పక్క గదిలో ఎనిమిదో తరగతి వాళ్ళకు కూడా వచ్చేసేది.

ఆ ఎండాకాలంలో వాళ్ళ ఊళ్ళో భారతం జరిగింది. మన పక్క భారతం అంటే ఏందో ఇక్కడివాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. బయటి ఊళ్ళ నుంచి కోడళ్ళుగా, అల్లుళ్ళుగా వచ్చినవాళ్ళ కోసం చెబుతాను. ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం మిట్ట మీద పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కడం, చివర్లో మట్టితో చేసిన దుర్యోధనుడి పక్కన భీముడి గద. ఆ నాటకాల వాళ్ళు మైకులు లేని కాలంలో ఊరి చివర పడుకున్నవాడికి కూడా వినపడేటట్టు పాడినవాళ్ళు. మా సారుకు ఆ పిచ్చి ఉండేది. నాటకం వాళ్ళతో కలిసి ఆయన కూడా పద్యాలు ఎత్తుకునేవారు.

జూన్‌లో బడి తెరిచేసరికి సారు గొంతు గరగరమంటోంది. "ఏం సార్?" అంటే, "భారతం రా" అన్నారు. అందరూ అదే అన్నారు. రాత్రంతా పద్యాలు పాడితే గొంతు పోకుండా ఉంటుందా? దసరా వచ్చింది. అప్పటికీ భారతమే. సంక్రాంతి వచ్చింది. అప్పటికీ భారతమే. సారు కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకునే పాఠం చెప్పేవారు. అతిమధురం, మిరియాల కషాయం, పసుపు వేసిన పాలు, ఉప్పునీళ్ళు, ఎవరు ఏం చెబితే అది చేసేవారు. ఒక డాక్టరు మాత్రలిచ్చాడు. అవి అయిపోతే మళ్ళీ అవే ఇచ్చాడు. ఎనిమిది నెలల్లో ఆయన గొంతులోకి తొంగి చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఇంటర్వెల్‌లో సారు బీడీ తాగేవారు. ఆ కాలంలో అదొక విషయమని ఎవరికీ తట్టలేదు.

నేను ఆ గరగర గొంతును అచ్చు దించేవాణ్ణి. పిల్లలు చుట్టూ చేరి "ఇంకోసారి, ఇంకోసారి" అనేవాళ్ళు.

ఫిబ్రవరిలో సారుకు ముద్ద దిగడం కష్టమైంది. మెడ పక్కన గడ్డ కనిపించింది. అప్పుడు వేలూరుకు తీసుకుపోయారు. క్యాన్సర్ అన్నారు. స్వరపేటిక మొత్తం తీసేశారు. పది పాసయ్యాక నలుగురం కలిసి వాళ్ళింటికి పోయాం. సారు మంచం మీద కూర్చుని ఉన్నారు, మెడకు తెల్లటి గుడ్డ, చేతిలో పలక. "లెక్కల్లో ఎంత?" అని రాశారు. 91 అన్నాను. నవ్వి, తుడిచి, మళ్ళీ రాశారు: "నా గొంతు బాగా దించుతావంట. పాత గొంతు వచ్చునా?"

నాకు వచ్చింది ఆ గరగర ఒక్కటే. తల అడ్డంగా ఊపాను. నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా సారు పోయారు.

ఇక రెండో గొంతు. 2022లో నాకు 52 ఏళ్ళు. ఒక థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఓవర్‌హాల్ పనులు జరుగుతున్నాయి. టర్బైన్ హాల్లో మాట్లాడడమంటే అరవడమే. ఒకరోజు క్రేన్ ఆపరేటర్‌ను ఆపమని గట్టిగా కేక వేశాను. ఆ సాయంత్రం నుంచి గొంతు బొంగురు. దుమ్ము, మోత, నిద్ర లేకపోవడం. కారణం కళ్ళ ముందే ఉంది కదా! వారం పోయింది, నెల పోయింది. మా ఆవిడ ఫోన్లో, "ఏమండీ, మీరు మాట్లాడతా ఉంటే ఎవురో అనుకుంటి. ఆ గొంతేంది అట్లుండాది?" అంది. "ఓవర్‌హాల్" అన్నాను. రెండో నెల అడిగితే మళ్ళీ అదే అన్నాను. అన్నాక నాకే ఎక్కడో విన్నట్టు అనిపించింది. "భారతం రా."

మర్నాడే సెలవు పెట్టి ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి పోయాను. ఆ వరండాలో కూర్చున్న గంట సేపు నా తల నిండా ఆ పలకే. నేను కూడా సైట్లలో పదిహేనేళ్ళు సిగరెట్లు తాగినవాణ్ణే. మానేసి పదేళ్ళయింది. ఆ లెక్క కూడా వేసుకున్నాను.

పరీక్ష అయిదు నిమిషాలు పట్టలేదు. ముక్కులో మొద్దుబారే మందు కొట్టారు. బాల్‌పెన్ రీఫిల్‌కన్నా కొంచెం లావుగా ఉండే మెత్తటి గొట్టం, దాని చివర కెమెరా. ముక్కులోంచి మెల్లగా లోపలికి పోనిచ్చారు. కళ్ళల్లో నీళ్ళొచ్చాయి కానీ నొప్పి లేదు. ఎదురుగా తెర మీద నా గొంతు నాకే కనిపించింది. తెల్లటి రెండు పట్టీలు, కుడి పట్టీ మీద జొన్నగింజంత బుడిపె. "పాలిప్ లాగుంది. గట్టిగా అరిచినప్పుడు చిన్న రక్తనాళం చిట్లి ఇట్లా వస్తుంది. తీసి పరీక్షకు పంపుదాం" అన్నారు డాక్టరు. మత్తిచ్చి నోట్లోంచే తీసేశారు. బయట కోత లేదు. బయాప్సీ రిపోర్టు వచ్చేదాకా నేనూ మా ఆవిడా ఒకరికొకరం ధైర్యం చెప్పుకున్నాం. నేను కాగితం మీద రాసి చెప్పాను, ఎందుకంటే గొంతుకు వారం విశ్రాంతి. రిపోర్టులో క్యాన్సర్ లేదు. ఆ తర్వాత కొన్ని వారాలు స్పీచ్ థెరపిస్టు దగ్గరికి పోయి, యాభై ఏళ్ళ వయసులో మాట్లాడడం మళ్ళీ నేర్చుకున్నాను.

సారుకు దొరికిన కారణం, నాకు దొరికిన కారణం రెండూ నమ్మేటట్టే ఉన్నాయి. నాది నిజమైంది. ఆయనది కాలేదు. బయటి నుంచి వింటే రెండు గొంతులూ ఒకటే. మా ప్లాంటులో బేరింగ్ మోత మారిందంటే, "నిన్న లోడు ఎక్కువైంది లే" అని ఎనిమిది నెలలు నూనె పోసుకుంటూ కూర్చోం. వైబ్రేషన్ కొలుస్తాం, అవసరమైతే విప్పి చూస్తాం. అట్లాంటి పనిలో ముప్పై ఏళ్ళు ఉన్నవాణ్ణి, నా మెడలో ఉన్న మెషీనుకు రెండు నెలలు కషాయం పోశాను.

ఆ మెషీను గురించి కొంచెం చెప్పనివ్వండి, ఇంజనీరు బలహీనత. స్వరతంత్రులు అంటే వీణ తీగల్లాంటివి కావు. రెండు చిన్న కండర పట్టీలు, పైన పలచని పొర. మగవాళ్ళలో అవి రెండు సెంటీమీటర్లకు అటూ ఇటూ, ఆడవాళ్ళలో ఇంకా చిన్నవి. ఊపిరితిత్తుల గాలి కింది నుంచి తోస్తుంటే అవి తెరుచుకుంటూ మూసుకుంటూ ఒకదానికొకటి కొట్టుకుంటాయి. మగ గొంతులో సెకనుకు నూటపది, నూట ఇరవై సార్లు. ఆడ గొంతులో రెండు వందల సార్లు. అంటే ఒక టీచరమ్మ గొంతు రోజంతా కలిపి ఒక్క గంట మోగిందనుకున్నా, 7 లక్షల 20 వేల దెబ్బలు. సంవత్సరానికి ఎంతో మీరే లెక్క కట్టండి, లెక్కల సారు శిష్యులు కదా. ఆ పొర మీద ఆవగింజంత వాపు వచ్చినా పట్టీలు సరిగ్గా మూసుకోవు. సందులోంచి గాలి పోతుంది. అదే బొంగురు.

సెకనుకు రెండు వందల సార్లు కదిలేదాన్ని కంటితో ఎట్లా చూస్తారు? మేము తిరిగే షాఫ్టును చూసినట్టే. స్ట్రోబ్ లైటును దాదాపు అదే వేగంతో వెలిగించి ఆర్పితే, కదలిక నిదానంగా సాగుతున్నట్టు కనిపిస్తుంది. మా స్టోర్‌రూమ్‌లో ఉండే పరికరం ఈఎన్‌టీ డాక్టరు గదిలో కనిపిస్తే పాత మిత్రుణ్ణి చూసినట్టయింది. ఇంకో సంగతి. బతికున్న మనిషి గొంతులో ఆ పట్టీలు పనిచేయడాన్ని అద్దంలో చూసి, వివరంగా రాసి పెట్టినవాడు డాక్టరు కాదు, సంగీతం మాస్టారు. పేరు మాన్యుయెల్ గార్సియా. 1854లో పళ్ళ డాక్టర్లు వాడే చిన్న అద్దాన్ని గొంతు వెనక పెట్టుకుని, ఇంకో అద్దంతో ఎండను లోపలికి మళ్ళించి, తన గొంతును తానే చూసుకున్నాడు. పాఠం చెప్పేవాడికే గొంతు మీద ఆ ఆసక్తి కలిగింది చూడండి. ఆయన నూట ఒక్క ఏళ్ళు బతికాడు.

బొంగురుకు కారణాలు చాలా ఉన్నాయి. ఎక్కువ మందికి జలుబు, దగ్గు. అది వారం పది రోజుల్లో దానంతట అదే పోతుంది, దానికి ఎవరూ భయపడక్కర్లేదు. తర్వాత వచ్చేది గొంతును ఎక్కువగా, తప్పుగా వాడడం. ఇందులో టీచర్లే ముందుంటారు. అమెరికాలో అయోవా, యూటా రాష్ట్రాల్లో చేసిన ఒక సర్వే 2004లో అచ్చయింది. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు గొంతు సమస్య వచ్చిందన్న టీచర్లు 57.7 శాతం, ఇతర ఉద్యోగాల వాళ్ళు 28.8 శాతం. అంటే దాదాపు రెట్టింపు. మన తరగతిలో అరవై మంది పిల్లలు, పైన రేకుల మీద వాన, పక్కన రోడ్డు మీద లారీలు. ఇక్కడ కొలిస్తే ఎంత వస్తుందో! పొద్దస్తమానం అరిచి చదువు చెబితే రెండు పట్టీల మీదా ఎదురెదురుగా కాయలు కాసినట్టు బుడిపెలు వస్తాయి. నాడ్యూల్స్ అంటారు. నాగలి పట్టిన చేతికి కాయ కాసినట్టే. చాలాసార్లు వీటికి కోత అక్కర్లేదు, మాట్లాడే పద్ధతి మార్చుకుంటే తగ్గుతాయి.

రాత్రి పదిన్నరకు సంగటి, కారంగా పులుసు తిని వెంటనే పడుకునేవాళ్ళకు కడుపులో పులుపు పైకి ఎగదన్ని గొంతును కాలుస్తుంది. ఛాతీలో మంట లేకుండానే ఇది జరగవచ్చు. పొద్దున లేస్తూనే గొంతు గరగర, ఊరికే సకిలించాలనిపించడం దాని గుర్తులు. థైరాయిడ్ మందగిస్తే గొంతు మొద్దుబారి లావవుతుంది. ఆస్తమాకు ఇన్‌హేలర్ పీల్చేవాళ్ళు పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మకపోతే గొంతు పాడవుతుంది. ఇవన్నీ చికిత్సకు లొంగేవే.

టీబీ గురించి వేరుగా చెప్పాలి. గొంతుకు కూడా టీబీ వస్తుంది. మన పాత చిత్తూరు జిల్లాలో మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానిటోరియం 1915 నుంచీ ఉంది. మన పెద్దలకు ఆ పేరు చెబితే చాలు, మాట తగ్గించేవాళ్ళు. ఇప్పుడు అంత భయం అక్కర్లేదు. రెండు వారాలు దాటిన దగ్గుకు ప్రభుత్వాసుపత్రిలో కళ్ళె పరీక్ష ఉచితం, మందులూ ఉచితం.

ఇంకొకటి, దీన్ని విన్నప్పుడు నాకు ఆశ్చర్యమేసింది. స్వరపేటికను నడిపే ఎడమవైపు నరం మెదడు నుంచి నేరుగా గొంతుకు రాదు. మెడ దాటి ఛాతీలోకి దిగి, గుండె మీది పెద్ద ధమని కింద చుట్టు తిరిగి, మళ్ళీ పైకొచ్చి గొంతు చేరుతుంది. ఏ ఇంజనీరు అట్లా కేబుల్ వేసినా బిల్లు పాస్ కాదు. అందువల్ల ఊపిరితిత్తిలో గడ్డ ఉన్నా, అది ఆ నరాన్ని నొక్కి, మొదట గొంతులో బయటపడవచ్చు. మనం గొంతుకు కరక్కాయ పెట్టుకుని కూర్చుంటాం, జబ్బేమో ఛాతీలో ఉంటుంది.

క్యాన్సర్ మాట ఎత్తితే మనవాళ్ళు "శుభమా అని సభ జరుగుతుంటే" అంటారు. అయినా చెబుతాను, ఎందుకంటే ఇందులో ఒక మంచి కూడా ఉంది. చాలా క్యాన్సర్లు ముదిరేదాకా చప్పుడు చేయవు. స్వరతంత్రి మీద పుట్టేది మాత్రం చిన్నగా ఉన్నప్పుడే గొంతు మార్చేస్తుంది. ఆ దశలో పట్టుకుంటే రేడియేషన్‌తోనో చిన్న ఆపరేషన్‌తోనో నూటికి తొంభై మంది దాకా బాగవుతారు, గొంతు కూడా మిగులుతుంది. బీడీ, సిగరెట్టు, మందు, ఈ మూడూ ప్రమాదాన్ని పెంచుతాయి. పొగా మందూ రెండూ కలిస్తే ఇంకా ఎక్కువ.

అందుకని గడువు మూడు వారాలు. కారణం ఎంత బాగా తెలిసినట్టున్నా, మూడు వారాలు దాటి గొంతు బొంగురుగానే ఉంటే ఈఎన్‌టీ డాక్టరు గొట్టం పెట్టి చూడాలి. "టార్చిలైటు వేసి చూశారు, గొంతు బాగానే ఉంది" అంటే చాలదు. నోరు తెరిస్తే స్వరతంత్రులు కనపడవు, అవి ఇంకా కిందుంటాయి. కొన్నింటికి మూడు వారాలు కూడా ఆగకూడదు. ముద్ద దిగకపోవడం, కళ్ళెలో రక్తం, మెడలో గడ్డ, ఒకవైపే చెవిపోటు, కారణం లేకుండా చిక్కిపోవడం, మెడకో థైరాయిడ్‌కో ఆపరేషన్ అయ్యాక గొంతు పోవడం, వీటిలో ఏది ఉన్నా వెంటనే పోవాలి. పాట మధ్యలోనో కేక మధ్యలోనో ఉన్నట్టుండి గొంతు తెగిపోతే మాట కట్టేసి ఆ రోజే చూపించుకోవాలి. ఊపిరి పీల్చేటప్పుడు ఈల లాంటి చప్పుడు, ఆయాసం ఉంటే అర్ధరాత్రి అయినా ఆసుపత్రికే.

ఎక్కడికి పోవాలనేది మనకు ఒకప్పటంత కష్టం కాదు. మన ఊరు కూడలి మీద ఉంది. ఇటు చిత్తూరు దాటితే వేలూరు సి.ఎం.సి., అటు తిరుపతిలో రుయా, స్విమ్స్. పక్కనే అరగొండలో అపోలో. టాటా ట్రస్టుల సాయంతో తిరుపతిలో క్యాన్సర్ ఆసుపత్రి 2022లో మొదలైంది. ఆరోగ్యశ్రీని ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, క్యాన్సర్ చికిత్సలు అందులో ఉన్నాయి. స్వరపేటిక తీసేయాల్సి వచ్చినవాళ్ళకు కూడా ఇప్పుడు పలక ఒక్కటే గతి కాదు. మాట్లాడేందుకు చిన్న వాల్వు అమరుస్తారు. బయటి దేశాల నుంచి వచ్చే వాల్వు వేలల్లో ఉంటే, బెంగళూరులో డాక్టర్ విశాల్ రావు ఒక పారిశ్రామికవేత్త మిత్రుడితో కలిసి దాదాపు యాభై రూపాయల్లో ఒకటి తయారు చేశారు. దాన్ని గురించి చదివిన రోజు సారు చేతిలో పలక గుర్తొచ్చి చాలాసేపు ఏమీ తోచలేదు.

ఇక టీచర్లకు, నా స్పీచ్ థెరపిస్టు నాకు నేర్పినవి కొన్ని. పుక్కిలించిన ఉప్పునీళ్ళు స్వరతంత్రులను తాకవు. తాకితే పొలమారుతుంది. గొంతునొప్పికి హాయిగా ఉంటే చేసుకోండి, బొంగురుకు మందు అనుకోకండి. గొంతు పోయినప్పుడు గుసగుసగా మాట్లాడితే విశ్రాంతి అనుకుంటాం, నిజానికి దానివల్ల కొందరికి ఇంకా ఒత్తిడి పడుతుంది. మాట్లాడకపోవడమే విశ్రాంతి. మాటిమాటికీ సకిలించడం ఆ పట్టీలను రెండింటినీ బాది కొట్టడమే. దానికి బదులు ఒక గుక్క నీళ్ళు తాగండి. బోర్డు వైపు తిరిగి పాఠం అరవకండి. రాయడం అయ్యాక తిరిగి చెప్పండి. పిల్లల గలాటా అణచడానికి వాళ్ళకన్నా పెద్దగా అరవడం ఓడిపోయే పందెం. బల్ల మీద డస్టరుతో కొట్టండి, గంట మోగించండి. మా డ్రిల్లు సారు విజిల్ ఎందుకు వాడేవారో నాకు యాభై దాటాక అర్థమైంది.

చివరిగా డబ్బు సంగతి. నడుముకు కట్టుకుని మాట్లాడే చిన్న మైకులు ఇప్పుడు రెండు మూడు వేలకు దొరుకుతున్నాయి. మన బడిలో పాఠం చెప్పే ప్రతి టీచరుకూ ఒకటి ఇవ్వాలని మా బ్యాచ్ నిర్ణయించింది. డబ్బు పోగైంది, వేరే బ్యాచ్‌ల వాళ్ళు కలిస్తే పక్క ఊళ్ళ ప్రాథమిక పాఠశాలలకూ ఇద్దాం. భోజనాల దగ్గర ఎడమ పక్క బల్ల మీద ఒక నోటు పుస్తకం పెట్టాను. అందులో రెండు పేజీలున్నాయి. ఒకటి మైకులకు ఇచ్చేవాళ్ళ పేర్లు రాయడానికి. రెండోది, మూడు వారాలు దాటి గొంతు బాగాలేనివాళ్ళ కోసం. వాళ్ళు పేరు, ఫోన్ నంబరు రాస్తే, వచ్చే ఆదివారం తర్వాత ఒకరోజు వ్యాన్ మాట్లాడి అందరినీ తిరుపతికి తీసుకుపోయే పూచీ నాది. ఇప్పుడు నేను మాట్లాడుతుండగా మూడో వరసలో ఒకరు నాలుగుసార్లు సకిలించారు. అన్నా, మొదటి పేరు నీదే రాస్తున్నాను.